ఉంటారా, వెళ్తారా?

మే నెల మొదట్లో మా ఫ్రిజ్ మీదున్న క్యాలెండరులో జూన్ 1 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరి పుట్టినరోజూ కాదు, పండుగా కాదు. మా ఇంటి లీజు జులై 31తో ముగుస్తుంది. ముగియడానికి 60 రోజుల ముందే, ఉంటామో వెళ్తామో ఇంటి యజమానికి రాసి చెప్పాలని లీజులో ఉంది. వెనక్కి లెక్కపెడితే సరిగ్గా జూన్ 1 అయింది.

ఆ ఎర్ర సున్నా కనపడినప్పుడల్లా మా ఆయన పాలు తీసుకుని గబుక్కున ఫ్రిజ్ తలుపు వేసేసేవారు. చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు మరి.

మేముండేది ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరాలో. షికాగోకి పడమరగా, ఫాక్స్ నది ఒడ్డున ఉన్న ఊరు. మన బాలాజీ గుడి ఉన్న అరోరా అంటే చాలామందికి వెంటనే తెలుస్తుంది. ఊరి తూర్పు వైపు ఒక టౌన్‌హౌస్‌లో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. ఇంటివాళ్లు తెలుగువాళ్లే. బాబు మూడో తరగతి. ఇండియన్ ప్రెయిరీ 204 స్కూల్ డిస్ట్రిక్టు. ఈ ఊళ్లో ఇల్లు మారడమంటే కేవలం ఇల్లు మారడం కాదు. ఒకే అరోరాలో 204తో పాటు తూర్పు అరోరా 131, పశ్చిమ అరోరా 129, ఆస్వీగో 308 డిస్ట్రిక్టులు కూడా ఉన్నాయి. ఒకే డిస్ట్రిక్టులో ఉన్నా, నాలుగు వీధులు అవతలికెళ్తే ఎలిమెంటరీ స్కూలు మారిపోవచ్చు. ఇక్కడికొచ్చాక ఒకసారి స్కూలు మారి, ఆరు నెలలు లంచ్ డబ్బా తెరవకుండా ఇంటికి తెచ్చిన పిల్లాడు మావాడు. మళ్లీ ఆ రోజులు నాకొద్దు.

అలాగని ఇంకో ఏడాదికి సంతకం పెట్టేద్దామంటే, మా ఆయన ప్రాజెక్టు సెప్టెంబరు దాటి ఉంటుందో లేదో తెలియదు. హెచ్-1బి మీదున్నవాళ్ల ఉద్యోగం పోతే, వాళ్లతో పాటు హెచ్-4 మీదున్న మాలాంటి వాళ్లకీ ఇక్కడ ఉండటానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. ఐ-94 అంతకుముందే ముగిసిపోతే అంతవరకే. 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. అంటే ఇంటివాళ్లకి 60 రోజుల ముందు చెప్పాలి, ఉద్యోగం పోతే మనకి దొరికేవీ ఆ 60 రోజులే. ఆ రెండు అరవైలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

"ఏదో ఒకటి తేలాక చెబుదాంలే" అనేవారు మా ఆయన. నేను మాత్రం ఒప్పుకోలేదు. తేలేదాకా ఊరుకుంటే ఏమవుతుందో ఒకసారి మేం డబ్బులు కట్టి నేర్చుకున్నాం.

మేడ మీదికెళ్లి చెప్పొచ్చే అలవాటు

అది అరోరాలోనే, మేం ఇంతకు ముందున్న అపార్ట్‌మెంట్ సంగతి. లీజు జనవరి 31న ముగుస్తుందని కాగితం మీద స్పష్టంగా ఉంది. తేదీ రాసుంది కాబట్టి ఆ తేదీకి లీజు దానంతటదే అయిపోతుందనుకున్నాం. అయినా చెప్పడం మర్యాద కదా అని, డిసెంబరు 12న పార్సిల్ తెచ్చుకోవడానికి లీజింగ్ ఆఫీసుకి వెళ్లినప్పుడు, అక్కడున్న అమ్మాయితో "మేం జనవరి ఆఖరుకి వెళ్లిపోతున్నాం" అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వుతూ "అలాగే, ఏం ఫరవాలేదు" అంది. నేను ఆ నవ్వునే రసీదు అనుకుని ఇంటికొచ్చేశాను.

మనకి అలవాటైన పద్ధతి అది. మా చిన్నప్పుడు హైదరాబాదులో అద్దెకున్నప్పుడు నాన్నగారు ఇంటి ఓనరుగారితో మేడ మీదికెళ్లి చెప్పొచ్చేవారు. "వచ్చే నెల ఖాళీ చేస్తున్నామండీ" అంటే, మర్నాటికల్లా గేటుకి టు-లెట్ బోర్డు వేలాడేది. అగ్రిమెంటు అంటూ ఒకటుండేది, పదకొండు నెలలకి. ఏడాది దాటిన లీజుని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి, ఆ బాదరబందీ లేకుండా పదకొండు నెలలకి రాసుకునేవారు. పదకొండు నెలలు అయిపోయాక ఆ కాగితం ఏ బీరువాలో ఉందో కూడా ఎవరికీ గుర్తుండేది కాదు. నడిచేదంతా నోటి మాట మీదే.

ఇక్కడ నడిచేది కాగితం మీద. జనవరి 5న, తాళాలు ఎప్పుడివ్వాలో కనుక్కుందామని వెళ్తే, "మీ నోటీసు ఫారమ్ ఏదీ?" అన్నారు. అప్పటికప్పుడు ఫారమ్ నింపించారు. 31న ఇల్లు కడిగి, తాళాలిచ్చి వచ్చేశాం. తర్వాత బిల్లు వచ్చింది. లీజులో ఎక్కడో లోపలి పేజీలో, గడువు ముగిసే లీజయినా సరే 60 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఉందట. జనవరి 5 నుంచి 60 రోజులంటే మార్చి 6. కాబట్టి ఫిబ్రవరి అద్దె 1,650 డాలర్లు, మార్చిలో ఆరు రోజులకి 319, మొత్తం 1,969. అందులో మా డిపాజిట్ 500 మినహాయించుకుని, ఇంకా 1,469 కట్టమన్నారు.

"నేను డిసెంబరులోనే చెప్పాను కదా" అంటే, "ఎవరితో? ఎప్పుడు? ఎక్కడ రాసుంది?" అన్నారు. నేను చదివింది బీయస్సీ. మూడేళ్లు ల్యాబ్ రికార్డు రాశాను. పరిశీలన పుస్తకంలో ఆ రోజు తేదీతో రాసుకోని రీడింగు రీడింగే కాదని మా మేడం ఎన్నిసార్లు చెప్పారో. అంత చదివీ, పదిహేను వందల డాలర్ల మాటని ఒక నవ్వు మీద వదిలేసి వచ్చాను.

చట్టం ఏం చెబుతుంది, లీజు ఏం చెబుతుంది

ఆ బిల్లు పట్టుకుని వారం రోజులు కూర్చున్నాను. చదివిన కొద్దీ ఒకటి అర్థమైంది. ఈ విషయంలో రెండు కాగితాలుంటాయి. ఒకటి రాష్ట్రం రాసింది, రెండోది మనం సంతకం పెట్టింది. రెండూ ఒకటే చెబుతాయనుకోకూడదు.

ఇల్లినాయ్ చట్టం ప్రకారం, ఫలానా తేదీకి ముగుస్తుందని రాసుకున్న లీజు ఆ తేదీకి ముగుస్తుంది. ఖాళీ చేయమని యజమాని నోటీసు ఇవ్వనక్కర్లేదు. నెలనెలా నడిచే అద్దె అయితేనే 30 రోజుల నోటీసు కావాలి. ఇక్కడిదాకా చదివి నేను సంబరపడ్డాను. కానీ మన లీజులో "60 రోజుల ముందు రాసి చెప్పాలి, చెప్పకపోతే ఇంత కట్టాలి" అని ఉండి, దాని కింద మనం సంతకం పెట్టామంటే, ముందు చూడాల్సింది ఆ మాటే. కొన్ని లీజుల్లో, చెప్పకపోతే లీజు నెలనెలా పద్ధతిలోకి మారి అద్దె పెరుగుతుందని ఉంటుంది. కొన్నిట్లో మళ్లీ ఏడాదికి పొడిగించినట్టేనని ఉంటుంది. అంటే మనం ఏమీ చెప్పకపోవడం కూడా ఒక జవాబే. ఆ జవాబు ఏమిటో లీజు మన తరఫున ముందే రాసిపెట్టి ఉంచుతుంది.

ఇంకోటి. గడువు దాటినా కావాలనే ఇల్లు ఖాళీ చేయకుండా ఉండిపోతే, యజమాని రాతపూర్వకంగా అడిగాక, ఆ అదనపు రోజులకి రెట్టింపు అద్దె వసూలు చేయొచ్చని కూడా ఇల్లినాయ్ చట్టంలో ఉంది. "కొత్తిల్లు ఇంకా సిద్ధం కాలేదు, నాలుగు రోజులుంటాం" అనేది కూడా ముందే రాసి, ఒప్పించుకోవాల్సిన మాటే.

మనకి పనికొచ్చే మాటలూ ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు మాట తప్పి వెళ్లిపోయినా, యజమాని చేతులు కట్టుకుని కూర్చుని మొత్తం అద్దె వసూలు చేసుకోకూడదు. నష్టం తగ్గించుకోవడానికి, అంటే ఇల్లు మళ్లీ అద్దెకివ్వడానికి, తగినంత ప్రయత్నం చేయాలి. మా పాత అపార్ట్‌మెంట్‌లోకి ఫిబ్రవరి 16నే కొత్తవాళ్లు దిగారని అదే బిల్డింగులో ఉన్న స్నేహితురాలు చెప్పింది. ఆ మాట పట్టుకుని మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. ఒకే ఇంటికి, అవే రోజులకి ఇద్దరి దగ్గర అద్దె తీసుకోవడం కుదరదు కదా అని. రెండు వారాల తర్వాత బిల్లు మారి వచ్చింది. ఫిబ్రవరి 15 దాకా లెక్కగట్టి 884, అందులో డిపాజిట్ పోగా 384. కట్టేశాం. మొదట్లో ఒక ఉత్తరం రాయనందుకు పోయిన డబ్బులో సగానికి పైగా, చివర్లో ఒక ఉత్తరం రాసినందుకు మిగిలింది.

అప్పుడే ఇంకో తేడా కూడా తెలిసింది. షికాగో నగరంలో ఉంటే 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, లీజు పొడిగించకూడదనుకునే యజమాని కూడా ముందుగా చెప్పి తీరాలి. అద్దెకున్నవాళ్లు చేరి ఆరు నెలల లోపయితే 30 రోజులు, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా 60 రోజులు, మూడేళ్లు దాటితే 120 రోజులు. న్యూయార్క్ రాష్ట్రంలో 2019 నుంచి ఇలాంటిదే ఉంది. లీజు పొడిగించకపోయినా, అద్దె 5 శాతం లేదా అంతకంటే ఎక్కువ పెంచాలన్నా, మనం ఎన్నాళ్లుగా ఉంటున్నామన్న దాన్ని బట్టి 30, 60 లేదా 90 రోజుల ముందు చెప్పాలి. న్యూజెర్సీలో 1974 నుంచి ఉన్న చట్టం వల్ల, చాలా ఇళ్లలో సరైన కారణం లేకుండా లీజు పొడిగించననడానికే లేదు. కానీ షికాగో నిబంధనలు షికాగో దాకానే. కేన్, డూపేజ్, కెండాల్, విల్ అని నాలుగు కౌంటీల మీద పరుచుకున్న మా అరోరాకి అవి వర్తించవు. ఎడిసన్‌లో ఉన్న అక్కయ్య చెప్పిన రూలు అరోరాలో చెల్లదన్నమాట. మన రాష్ట్రం ఏదో, ఊరు ఏదో చూసుకోవాలి. ఆ తర్వాత మన లీజు చూసుకోవాలి.

ఈసారి ఉత్తరం

ఇదంతా మనసులో ఉంది కాబట్టే మొన్న మే నెలలో ఎర్ర సున్నా చుట్టాను. ఈసారి యజమాని కంపెనీ కాదు, మనిషి. అదీ మన మనిషి. నేను అన్నయ్యా అంటాను, వాళ్లావిడని వదినా అంటాను. ఉగాదికి మా ఇంటికొచ్చి పచ్చడి తిని వెళ్లారు. డిష్‌వాషర్ పాడైతే ఫోన్ చేసిన సాయంత్రమే వచ్చి చూస్తారు. అలాంటివాళ్లకి "అయ్యా, ఫలానా తేదీతో లీజు ముగుస్తున్నందున" అని ఉత్తరం రాయాలంటే నాకూ చేయి రాలేదు. ఫోన్ చేసి చెబితే పోయేదానికి, ఏదో కోర్టుకెక్కుతున్నట్టు ఈ రాతకోతలేమిటి అనుకుంటారేమోనని.

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్లు ఒక సామెత మొదలుపెట్టి, పిల్లలున్నారని సగంలో ఆపేస్తారు. అది గుర్తొచ్చి నవ్వుకుని, కంప్యూటరు ముందు కూర్చున్నాను.

జవాబు లేనప్పుడు ఏం రాయాలి? మా దగ్గర లేనిది సెప్టెంబరు సంగతి గానీ, మాకేం కావాలో మాకు తెలుసు కదా. అదే రాశాను. మా లీజు జులై 31తో ముగుస్తుందని ఒక వాక్యం. ఇదే ఇంట్లో ఆగస్టు 1 నుంచి వచ్చే మే 31 దాకా, పది నెలలకి కొత్త లీజు కావాలని ఇంకో వాక్యం. బాబు స్కూలు మే ఆఖరులో అయిపోతుంది కాబట్టి ఆ తేదీ. ఉద్యోగం పోయి మధ్యలో వెళ్లాల్సి వస్తే, 60 రోజుల ముందు చెప్పి, రెండు నెలల అద్దె కట్టి బయటపడే షరతు ఒకటి కలపమని అడిగాను. చివరి వాక్యం కోసం మేమిద్దరం ఒక సాయంత్రమంతా తర్జనభర్జన పడ్డాం. "జూన్ 15లోగా కొత్త లీజు మీద ఇద్దరమూ సంతకాలు చేయకపోతే, ఈ ఉత్తరాన్నే జులై 31న మేం ఖాళీ చేస్తామన్న నోటీసుగా భావించండి" అని.

ఆ వాక్యం రాస్తే మనల్ని మనమే బయటికి పంపించుకున్నట్టు కాదా అన్నారు మా ఆయన. కాదు. అది లేకపోతే, ఆయన జవాబివ్వకుండా ఊరుకుంటే, జూన్ 1 దాటిపోతుంది, మేం ఏమీ చెప్పనివాళ్లం అవుతాం. ఇక ఆ తర్వాత మాట్లాడేది లీజే. ఇద్దరం సంతకాలు పెట్టి మే 18న ఈమెయిల్ పంపాం. లీజులో నోటీసు పోస్టులో పంపాలని ఉంది కాబట్టి, పోస్టాఫీసుకెళ్లి సర్టిఫైడ్ మెయిల్ కూడా పంపాను. అందుకున్నవాళ్లు సంతకం పెట్టిన పచ్చ కార్డు మనకి తిరిగొస్తుంది, రిటర్న్ రిసీట్ అడిగితే.

మూడు రోజుల తర్వాత ఫోనొచ్చింది.

"ఏంటమ్మా, మన మధ్యలో ఏమన్నా తేడా వచ్చిందా? పోస్టుమ్యాన్ సంతకం పెట్టమంటే నేను భయపడిపోయాను. మనవాళ్లమే కదా, ఈ కాగితాలేంటి?"

గొంతులో కాస్త నొచ్చుకున్నట్టే ఉంది. "తేడా ఏం లేదన్నయ్యా. లీజులో రాసి చెప్పమని ఉంది. రేపు మీకూ మాకూ మాట తేడా రాకూడదని రాశాం, అంతే" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"నేనే చెబుదామనుకుంటున్నానమ్మా" అన్నారు చివరికి. "ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాం. మార్చి నుంచీ అనుకుంటున్నాం. ఉగాదికి మీ ఇంటికి వచ్చింది కూడా ఆ సంగతి చెబుదామనే. బాబు స్కూలు గురించి చెబుతూ ఉన్నావు. ఇక నోరు రాలేదు. జులైలో చెబుదాంలే అనుకున్నాను."

జులైలో! నేను కుర్చీలో కూలబడ్డాను. ఆయన మీద కోపం రాలేదు. మా ఆయన ఫ్రిజ్ తలుపు వేసేసినట్టే ఆయనా వేసేశారు. మాకు చెప్పాల్సింది ఉండి చెప్పలేక, ఆయనకి చెప్పాల్సింది ఉండి చెప్పలేక, రెండు ఇళ్లవాళ్లం ఉగాది పచ్చడి తినేసి లేచాం. మాకు 60 రోజుల ముందు చెప్పే బాధ్యత లీజులో ఉంది గానీ ఆయనకి లేదు. ఇల్లినాయ్ చట్టంలోనూ లేదు. జులై 20న చెప్పినా ఆయన తప్పు చేసినట్టు కాదు. మేం మాత్రం పదకొండు రోజుల్లో, అదే స్కూలు పరిధిలో, ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆ ఉత్తరం రాయకపోతే ఆ ఫోన్ వచ్చేది కాదు. మే 21న తెలిసింది కాబట్టి మా చేతిలో పది వారాలున్నాయి. స్కూలు హద్దుల మ్యాప్ ముందు పెట్టుకుని వెతికాం. బాబు స్కూలు పరిధిలోనే, ఇప్పుడున్న ఇంటికి మైలున్నర దూరంలో ఒక అపార్ట్‌మెంట్ దొరికింది. నేనడిగిన పది నెలల లీజుకి ఒప్పుకున్నారు, నెలకి 95 డాలర్లు ఎక్కువ. మధ్యలో వెళ్లాల్సి వస్తే బయటపడే షరతు కూడా ఉంది. అన్నయ్య డిపాజిట్ పన్నెండో రోజున తిరిగిచ్చారు. సామాను మార్చే రోజు వదిన గోంగూర పచ్చడి సీసా పట్టుకొచ్చి, "ఉత్తరం చూసి ఈయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజున తేలిగ్గా నిద్రపోయారు" అని నవ్వింది.

మీరు రాసేటప్పుడు

ఈ వ్యాసం చదివి మీరు చేయాల్సిన పని ఒకటే. ఇవాళ మీ లీజు తీసి, ముగిసే తేదీ, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎలా చెప్పాలి (పోర్టల్‌లోనా, ఈమెయిలా, పోస్టా), చెప్పకపోతే ఏమవుతుంది అన్న నాలుగూ వెతికి క్యాలెండరులో రాసుకోండి. గడువు తేదీకి రెండు వారాల ముందు ఇంకో గుర్తు పెట్టుకోండి, మాట్లాడుకోవడానికి.

ఉత్తరం పొడుగ్గా ఉండక్కర్లేదు. తేదీ, ఇంటి చిరునామా, యూనిట్ నంబరు, లీజు ముగిసే తేదీ, మీ నిర్ణయం. వెళ్లిపోతుంటే తాళాలిచ్చే తేదీ, డిపాజిట్ పంపాల్సిన కొత్త చిరునామా. అందిందని జవాబివ్వమని ఒక మాట. లీజులో సంతకం పెట్టినవాళ్లందరి సంతకాలు. ఎందుకు వెళ్తున్నారో చెప్పనక్కర్లేదు. "బహుశా", "అనుకుంటున్నాం" అనే మాటలు ఉత్తరంలో రానివ్వకండి. "వెళ్దామనుకుంటున్నాం" అంటే నోటీసు కాదు, కబురు.

ఎవరితోనైనా నోటితో మాట్లాడితే, ఇంటికొచ్చి అదే రోజు "ఇందాక మనం అనుకున్నట్టుగా" అని రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టండి. అదే మీ పరిశీలన పుస్తకం.

ఖాళీ చేసేటప్పుడు ప్రతి గదీ, స్టవ్ లోపలా, బాత్‌రూమ్ మూలలూ ఫోటోలు తీసుకోండి. ఇల్లినాయ్‌లో 5 లేదా అంతకంటే ఎక్కువ యూనిట్లున్న చోట, డిపాజిట్‌లో మరమ్మతులకి కోత వేయాలంటే 30 రోజుల్లో ఖర్చుల జాబితా ఇవ్వాలి. కోతలేమీ లేకపోతే 45 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి. కావాలని ఎగ్గొట్టారని కోర్టులో తేలితే రెట్టింపు ఇవ్వాల్సి వస్తుంది. చిన్న ఇల్లయితే ఆ గడువుల్నే మీ లీజులో రాయించుకోండి.

లీజు మీద మీ పేరు

ఒక మాట మన గురించి. చాలా ఇళ్లలో లీజు మీద ఆయన పేరే ఉంటుంది, మన పేరు "ఇంట్లో ఉండేవాళ్లు" అన్న గడిలో పిల్లల పక్కన ఉంటుంది. మొదటి అపార్ట్‌మెంట్‌లో నాదీ అంతే. సంతకం పెట్టినవాళ్ల పేరు మీదే నోటీసు చెల్లుతుంది. ఆయన ఇండియాలో స్టాంపింగ్ కోసం ఆగిపోయారనుకోండి, ఇక్కడ గడువు దాటిపోతుంటే మీరేం చేయగలరు? కొత్త లీజు రాసేటప్పుడే మీ పేరూ చేర్చమనండి. పిల్లల్ని స్కూల్లో చేర్చడానికీ, డ్రైవింగ్ లైసెన్సుకీ చిరునామా రుజువుగా ఆ లీజు మీకు పనికొస్తుంది కూడా. సంతకం పెడితే అద్దె బాధ్యత కూడా మనదే అవుతుంది. అది తెలిసే పెట్టాలి.

ఇంకొక్కటి, ఎవరికీ అవసరం రాకూడదని కోరుకుంటూ చెబుతున్నాను. ఇంట్లోనే ప్రాణభయం ఉన్నవాళ్లకి 60 రోజుల నోటీసు లెక్క అడ్డు కాకూడదు. ఇల్లినాయ్‌లో 2007 నుంచి సేఫ్ హోమ్స్ చట్టం ఉంది. గృహహింస ముప్పు ముంచుకొచ్చి ఇల్లు వదలాల్సి వస్తే, వదిలే ముందుగానీ, వదిలిన 3 రోజుల్లోగానీ, ఆ కారణం చెబుతూ యజమానికి రాతపూర్వకంగా తెలియజేస్తే, ఆ తర్వాతి అద్దె కోసం కోర్టుకి వెళ్లినా ఆ చట్టం రక్షణగా నిలుస్తుంది. ఇక్కడ కూడా చట్టం అడిగేది ఒక్క రాసిన కాగితమే. షికాగోలో దక్షిణాసియా స్త్రీల కోసం మొదలైన అప్నా ఘర్ లాంటి సంస్థలు ఇలాంటప్పుడు పక్కన నిలబడతాయి.

ఇది రాస్తున్నది కొత్తింట్లో, ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని. మా ఆయన ప్రాజెక్టు సంగతి ఇంకా తేలలేదు. తేలకపోయినా మావాడు నిన్న స్కూలు నుంచి ఖాళీ లంచ్ డబ్బాతో వచ్చాడు. ఫ్రిజ్ మీద కొత్త క్యాలెండరు పెట్టాను. లీజు వచ్చే మే 31తో ముగుస్తుంది. 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి ఏప్రిల్ 1 చుట్టూ సున్నా చుట్టబోతుంటే, మా ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని మార్చి 18 మీద ఇంకో గుర్తు పెట్టారు. "మాట్లాడుకోవడానికి" అన్నారు.